మధ్యాహ్నం రెండింటికి మీ క్లాసు!

పొద్దుటి టిఫిన్లు, క్యారేజీలు, వంట, గిన్నెలు, మిద్దె మీద బట్టలు... అన్నీ అయ్యి మధ్యాహ్నం రెండింటికి కాస్త నడుం వాలుస్తాం. చేతిలో ఫోనుంటుంది. అందులో ఏం చూస్తామో మీకూ తెలుసు, నాకూ తెలుసు. ఎవరో చేసిన గుత్తివంకాయ కూర, ఎవరింట్లోనో పెళ్ళి, ఎవరో కట్టిన చీర. చూస్తూ చూస్తూనే నిద్ర పట్టేస్తుంది. తప్పేం లేదు లెండి, పొద్దున అయిదింటికి లేచిన ప్రాణం మరి!

ఆ రెండు గంటల వేళ గురించే ఈ కబురు. దానికి ముందు మిమ్మల్ని ఒక ప్రశ్న అడుగుతాను. ఎవరైనా కొత్తవాళ్ళు "మీరెంతవరకు చదువుకున్నారండీ?" అంటే మీరు టక్కున జవాబు చెబుతారా, లేక ఒక్క క్షణం ఆగుతారా?

నేను ఆగుతాను. బి.ఏ. రెండో సంవత్సరంలో ఉండగా 1999లో నా పెళ్ళయింది. "పెళ్ళయ్యాక కూడా చదువుకోవచ్చమ్మా" అన్నారు అందరూ. అన్నవాళ్ళెవరూ అబద్ధం చెప్పలేదు. కానీ కాపురం, మామగారి జబ్బు, పెద్దదాని కాన్పు, ఆ తర్వాత చిన్నవాడు... అర్థశాస్త్రం పుస్తకాలు అటక మీద అట్టపెట్టెలోకి వెళ్ళిపోయాయి. మొన్నామధ్య పెద్దదాన్ని ఇంటర్లో చేర్పించేటప్పుడు ఫారంలో "తల్లి విద్యార్హత" అన్న గడి దగ్గర పెన్ను ఆగింది. "ఇంటర్" అని రాశాను. అది పక్కనే ఉండి, "అమ్మా, నువ్వు డిగ్రీ ఎందుకు ఆపేశావ్?" అనడిగింది. "అప్పట్లో అలా కుదరలేదే" అన్నాను. "ఇప్పుడు కుదరదా?" అంది. దానికి మాత్రం నా దగ్గర జవాబు లేదు. ఈ వ్యాసం అక్కడ మొదలైంది.

తలుపులు తీసిన పెద్ద కాలేజీలు

ఒకప్పుడు పేరున్న కాలేజీలో పాఠం వినాలంటే సీటు రావాలి, ఫీజు కట్టాలి, ఆ ఊళ్ళో ఉండాలి. 2001 ఏప్రిల్‌లో అమెరికాలోని ఎం.ఐ.టి. ఒక విచిత్రమైన ప్రకటన చేసింది. మా పాఠాలన్నీ ఇంటర్నెట్‌లో పెడతాం, ప్రపంచంలో ఎవరైనా ఉచితంగా చదువుకోండి అని! అప్పుడేమో చాలా విశ్వవిద్యాలయాలు ఇంటర్నెట్‌లో పాఠాలమ్మి లాభాలు చేసుకుందామని చూస్తున్నాయి. వీళ్ళు ఊరికే ఇచ్చేస్తామన్నారు. 2002లో యాభై కోర్సులతో మొదలుపెట్టారు. ఇప్పుడవి 2,500 దాటాయి. ఇంజనీరింగే కాదు సుమా, చరిత్ర, సంగీతం, సాహిత్యం, తత్వశాస్త్రం కూడా ఉన్నాయి. అక్కడ గిల్బర్ట్ స్ట్రాంగ్ అని ఒక లెక్కల మేష్టారు, 2023లో ఎనభై ఎనిమిదేళ్ళ వయసులో రిటైరయ్యే దాకా సుద్దముక్క పట్టుకుని బోర్డు మీదే చెప్పారు. ఆయన పాఠాలు లక్షలాదిమంది ఇళ్ళల్లో కూర్చుని విన్నారు. అయితే ఎం.ఐ.టి. వాళ్ళిచ్చే ఆ పాఠాలకి సర్టిఫికెట్టు ఉండదు. చదువు మాత్రమే!

ఇంకో కథ చెబుతాను, ఇది మన ఇళ్ళల్లో జరిగే కథలాంటిదే. సల్మాన్ ఖాన్ అని ఒకాయన (హీరో కాదండోయ్!), తల్లిదండ్రుల మూలాలు బెంగాల్ వైపు, పుట్టింది అమెరికాలో. 2004లో ఆయన బాస్టన్‌లో ఉద్యోగం చేసుకుంటున్నాడు. వాళ్ళ బంధువులమ్మాయి, వరసకి చెల్లెలు నాదియా, వేరే ఊళ్ళో ఉండి లెక్కల్లో వెనకబడింది. ఆ పిల్లకి అర్థం కానిదల్లా కొలతల మార్పిడి. అంటే అంగుళాల్ని సెంటీమీటర్లు చేయడం లాంటివి. ఆయన రోజూ ఆఫీసయ్యాక ఫోన్లో చెప్పాడు. పిల్ల బాగుపడింది. అది తెలిసి మిగతా బంధువులందరూ "మా వాడికీ చెప్పు, మా అమ్మాయికీ చెప్పు" అన్నారు. చుట్టాలంటే ఎక్కడైనా చుట్టాలే కదా! అందరికీ విడివిడిగా చెప్పలేక 2006లో చిన్న చిన్న వీడియోలు చేసి యూట్యూబ్‌లో పెట్టాడు. అప్పుడా పిల్లలేమన్నారో తెలుసా? నువ్వు ఎదురుగా కంటే వీడియోలోనే నయం అన్నారట! 2009లో ఉద్యోగం మానేసి పూర్తిగా ఇదే పనిలో దిగాడు. అదే ఖాన్ అకాడమీ. లాభాపేక్ష లేని సంస్థ. ఒకటో తరగతి కూడికల నుంచి డిగ్రీ లెక్కల దాకా ఈనాటికీ ఉచితమే.

ఆ పిల్లలు వీడియోనే నయమని ఎందుకన్నారో నాకు తర్వాత తెలిసింది. మనిషి ఎదురుగా ఉంటే "మళ్ళీ చెప్పండి" అని ఎన్నిసార్లు అడుగుతాం? రెండోసారికే మొహమాటం. వీడియోనైతే పదిసార్లు వెనక్కి తిప్పుకోవచ్చు, ఎవరూ విసుక్కోరు. కుక్కరు కూత వేస్తే ఆపుకోవచ్చు. ఈ సౌకర్యం ఆయన పిల్లల కోసం చేశాడేమో గానీ, మనలాంటివాళ్ళకి కుట్టి ఇచ్చిన జాకెట్టులా సరిపోయింది.

మన దగ్గర కొత్తేం కాదు

ఇదంతా అమెరికా గొప్పే అనుకోకండి. ఇంట్లో ఉండి చదువుకోవడమన్న మాట మనకి పాతదే. దేశంలో మొట్టమొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం ఎక్కడ పెట్టారనుకున్నారు? మన హైదరాబాదులోనే! 1982లో ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయంగా మొదలై, 1991 నుంచి డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ పేరుతో నడుస్తోంది. దాని మొదటి వైస్ ఛాన్సలర్ జి. రామిరెడ్డి గారు. 1985లో ఢిల్లీలో ఇగ్నో పెట్టినప్పుడు దానికీ ఆయన్నే మొదటి వైస్ ఛాన్సలర్‌గా తీసుకెళ్ళారు. అప్పట్లో ఇంటర్ లేకపోయినా అర్హత పరీక్ష రాసి డిగ్రీలో చేరే వీలుండేది. మా పెద్దమ్మ కూతురు అలాగే చేరి, చంటిపిల్లని ఒళ్ళో వేసుకుని పుస్తకాలు చదివింది.

దూరదర్శన్‌లో మధ్యాహ్నం పూట యు.జి.సి. వారి పాఠాలు వచ్చేవి, గుర్తుందా? 1984 ఆగస్టు 15న మొదలయ్యాయి. అంతా ఇంగ్లీషు. మా ఇంట్లో అవి వస్తుంటే మా అమ్మ బియ్యంలో రాళ్ళేరుకుంటూ వినేది. "ఏం అర్థమవుతుందే నీకు?" అని నాన్న నవ్వేవారు. "సీతాకోక చిలుక కాళ్ళతో రుచి చూస్తుందట" అని ఒకరోజు చెప్పింది. అది నిజమే! నేను మర్చిపోలేదు.

తర్వాత 2003లో ఏడు ఐ.ఐ.టి.లు, బెంగుళూరులోని ఐ.ఐ.ఎస్‌సి. కలిసి ఎన్.పి.టి.ఇ.ఎల్. అని మొదలుపెట్టాయి. ఖర్చు కేంద్ర ప్రభుత్వానిది. ఐ.ఐ.టి. మేష్టార్ల పాఠాలు ఊరూరికీ అందాలని ఆ ఏర్పాటు. 2017 జూలై 9న "స్వయం" వచ్చింది. అప్పటి రాష్ట్రపతి ప్రణబ్ ముఖర్జీ ప్రారంభించారు. ఐ.ఐ.టి.లు, యు.జి.సి., ఇగ్నో, ఎన్.సి.ఇ.ఆర్.టి., బెంగుళూరు ఐ.ఐ.ఎం... ఇలా రకరకాల సంస్థల పాఠాలు ఒక్కచోట దొరుకుతాయి. స్కూలు చదువు నుంచి పి.జి. దాకా. పోషకాహారం, పిల్లల మనస్తత్వం, ఆర్థిక శాస్త్రం, సంస్కృతం, చరిత్ర, లెక్కలు, న్యాయశాస్త్రం... కూరగాయల మార్కెట్లో అడుగుపెట్టినట్టే ఉంటుంది. ఏది తీసుకోవాలో తెలియక బుట్ట పట్టుకుని నిలబడిపోతాం.

ఆషాఢం సేల్లో నేను

నేను చేసిన తెలివితక్కువ పని చెబుతాను, మీరు చేయకండి. ఆషాఢమాసం సేల్‌కి వెళితే ఏం చేస్తాం? ధర తక్కువని నాలుగు చీరలు తెస్తాం, రెండు బీరువాలోనే ఉండిపోతాయి. నేనూ అంతే, "ఉచితం" అన్న మాట చూసి ఒకేసారి నాలుగు కోర్సుల్లో పేరిచ్చాను. ఆర్థిక శాస్త్రం, మనస్తత్వ శాస్త్రం, సంస్కృతం, ఇంకా ఏదో పర్యావరణం. మొదటివారం ఉత్సాహంగా అన్నీ విన్నాను. రెండోవారం చిన్నవాడికి జ్వరం. మూడోవారం మా ఆడపడుచు పిల్లలతో వచ్చింది. నాలుగోవారానికి, చేయాల్సిన అసైన్‌మెంట్ల జాబితా చూస్తే కడుపులో దేవినట్టయింది. ఫోన్లోంచి ఆ యాప్ తీసి పారేశాను. "నావల్ల కాదులే" అని మూడు రోజులు నాలో నేనే కుమిలాను.

తర్వాత తెలిసింది, ఇది నా ఒక్కదాని కథ కాదని. 2012లో ఎం.ఐ.టి., హార్వర్డ్ కలిసి ఎడ్‌ఎక్స్ అని పెట్టాయి. దాని మొదటి అధిపతి అనంత్ అగర్వాల్. మంగుళూరులో పెరిగి మద్రాసు ఐ.ఐ.టి.లో చదివిన మనిషి. ఎలక్ట్రానిక్స్‌లో తొలి కోర్సు చెప్పినవారిలో ఆయనా ఒకరు. దాదాపు లక్షా యాభై అయిదు వేలమంది చేరారు. చివరికి పాసైనవాళ్ళు 7,157 మంది! నూటికి అయిదుగురు కూడా లేరన్నమాట. 2019లో సైన్స్ పత్రికలో వచ్చిన ఒక అధ్యయనం ఇంకా నిరుత్సాహపరిచే లెక్క చెప్పింది. ఆ రెండు విశ్వవిద్యాలయాల ఉచిత కోర్సుల్లో 2017-18లో చివరిదాకా వచ్చినవాళ్ళు నూటికి ముగ్గురే. పేరిచ్చినవాళ్ళలో సగానికి పైగా అసలు మొదటి పాఠమే తెరవలేదట! అయితే సర్టిఫికెట్టు కోసం డబ్బు కట్టినవాళ్ళలో నూటికి నలభై ఆరుమంది పూర్తి చేశారు.

నలభై ఆరెక్కడ, మూడెక్కడ? డబ్బు కట్టినవాళ్ళకి తెలివెక్కువని కాదు. కట్టాం కాబట్టి వదల్లేదు. చీటీ పాట కట్టే ఆడవాళ్ళకి ఈ రహస్యం వేరే చెప్పాలా?

రెండోసారి

మరుసటి జనవరికి మళ్ళీ మొదలుపెట్టాను. ఈసారి ఒక్కటే కోర్సు. ఆపేసిన చోటునుంచే, అర్థశాస్త్రం. పన్నెండు వారాలు. పరీక్ష ఫీజు కూడా కట్టేశాను.

ఇక్కడ కాస్త వివరంగా చెప్పాలి. స్వయంలో చేరడం, పాఠాలు వినడం, నోట్సు దించుకోవడం పూర్తిగా ఉచితం. సర్టిఫికెట్టు కావాలంటే మాత్రం పరీక్ష రాయాలి, దానికి ఫీజుంటుంది. నేను ఐ.ఐ.టి. వాళ్ళ కోర్సుకి వెయ్యి రూపాయలు కట్టాను. మీరు చేరేటప్పుడు ఎంతుందో చూసుకోండి. కోర్సులు నాలుగు, ఎనిమిది, పన్నెండు వారాలవి ఉంటాయి. జనవరిలో ఒక జట్టు, జూలైలో ఒక జట్టు మొదలవుతాయి. వారానికి రెండున్నర, మూడు గంటల వీడియో, ముక్కలు ముక్కలుగా. ప్రతివారం ఒక అసైన్‌మెంటు. అవి పాతిక మార్కులకి, చివరి పరీక్ష డెబ్బై అయిదుకి. పాతికలో పది, డెబ్బై అయిదులో ముప్ఫై వస్తే గట్టెక్కినట్టే. పన్నెండు వారాల కోర్సైతే మీరు బాగా చేసిన ఎనిమిది అసైన్‌మెంట్లనే లెక్కలోకి తీసుకుంటారు. ఇది చదివి నేను ఊపిరి పీల్చుకున్నాను. నాలుగు వారాలు చుట్టాలొచ్చినా ఫరవాలేదు!

భాష సంగతి అడుగుతారు. అవును, ఎక్కువ పాఠాలు ఇంగ్లీషులోనే. నా చదువు ఇంటర్ దాకా తెలుగు మీడియమే. మొదటి పాఠం వింటే మేష్టారు రైలెక్కి మాట్లాడుతున్నట్టనిపించింది. అప్పుడు మా పెద్దది వచ్చి వీడియో వేగం తగ్గించే చోటు చూపించింది, కింద అక్షరాలు వచ్చేలా పెట్టింది. ఐ.ఐ.టి. పాఠాల్లో కొన్నింటి రాతప్రతులు తెలుగులోకి కూడా అనువదించారు, మీ కోర్సుకుందేమో చూసుకోండి. నేనైతే చాకలి పద్దు పుస్తకంలో వెనకనుంచి మొదలుపెట్టి, తెలియని మాటలు రాసుకున్నాను. నాలుగో వారానికి అవే మాటలు తిరిగి తిరిగి వస్తాయి. భయం పోతుంది.

నిజం చెప్పొద్దూ, నాకు బాగా కష్టమైంది ఇంగ్లీషు కాదు, ఆ రెండు గంటల వేళ. మనం మధ్యాహ్నం పడుకుంటే ఎవరూ లేపరు. అదే పుస్తకం పట్టుకుంటే? "కాస్త టీ పెడతావా", "గ్యాసువాడొచ్చాడు", "నా నీలం చొక్కా ఏదీ?" పడుకున్న మనిషిని గౌరవిస్తారు గానీ చదువుకుంటున్న ఇల్లాలిని ఎవరూ లెక్కచేయరు, ఎందుకో! మా వారు మొదట్లో "ఇప్పుడు నువ్వు కలెక్టరు కావాలా ఏంటి?" అని నవ్వారు. అత్తయ్యగారు ఏమీ అనలేదు, కానీ నేను ఫోను చెవిలో పెట్టుకోగానే వంటింట్లో గిన్నెలు కొంచెం గట్టిగా మోగేవి.

రెండో వారం పాఠం "అవకాశ వ్యయం". ఒక పని చేయడానికి మనం వదులుకున్న ఇంకో పని విలువే ఆ పనికి అసలు ఖరీదు. మేష్టారు సినిమా టిక్కెట్టు ఉదాహరణ చెప్పారు. నేను వీడియో ఆపేసి కాసేపు కూర్చున్నాను. ఉచితం, ఉచితం అంటున్నాను కదా, దీని ఖరీదు నా గంట. ఆ గంట ఇన్నాళ్ళూ ఎవరిది? 2019లో కేంద్ర ప్రభుత్వం జరిపించిన సర్వే ఒకటుంది. జీతం లేని ఇంటిపనులు చేసే ఆడవాళ్ళు రోజుకి సగటున 299 నిమిషాలు ఆ పనుల్లో గడుపుతున్నారని, అవే పనులు చేసే మగవాళ్ళు 97 నిమిషాలని తేలింది. దాదాపు అయిదు గంటలు! పిల్లల్ని, పెద్దవాళ్ళని చూసుకునే సమయం ఇందులో లేదు, అది వేరే లెక్క. ఈ అంకెలు ఆ రాత్రి భోజనాల దగ్గర చెప్పాను. పోట్లాటగా కాదు, మామూలుగానే. మా వారు కాసేపు మాట్లాడలేదు. తర్వాత "సరే, రెండు నుంచి మూడు దాకా నేనింట్లో ఉన్నరోజు టీ నేనే పెట్టుకుంటా" అన్నారు. అది ఆదివారాలకే వర్తిస్తుందనుకోండి... అయినా మొదలు కదా!

నాలుగో వారం పాఠమైతే నాకు పండగే. ధర పెరిగితే కొనడం ఎంత తగ్గుతుందో కొలిచే లెక్క అది. మనం రోజూ రైతుబజారులో చేసేదే! ఉల్లిపాయలు కిలో ముప్ఫై నుంచి అరవై అయ్యాయనుకోండి. ధర నూటికి నూరుశాతం పెరిగింది. మనం వారానికి రెండు కిలోలు కొనేవాళ్ళం కిలోన్నర కొంటాం. అంటే తగ్గింది పాతిక శాతమే. పాతికని నూరుతో భాగిస్తే పావు. అదే యాపిల్స్ నూట అరవై నుంచి రెండొందలైతే పాతిక శాతమే పెరిగింది, కానీ రెండు కిలోలు తెచ్చే ఇంటికి కిలోతో సరిపెడతాం. యాభైని పాతికతో భాగిస్తే రెండు. ఒకటికంటే తక్కువొస్తే ఆ వస్తువు లేకుండా గడవదని, ఎక్కువొస్తే వదులుకోగలమని అర్థం. ఉప్పు ధర పెరిగిందని ఉప్పు తగ్గించి వండుతామా? ఆ వారం అసైన్‌మెంటులో నాకు పూర్తి మార్కులొచ్చాయి. ఇరవయ్యేళ్ళ కుర్రాళ్ళు సూత్రం బట్టీపట్టి ఉంటారు, నాకు ఆ అవసరం రాలేదు.

వంటింటి మాటొచ్చింది కాబట్టి ఇది కూడా చెప్పేస్తాను. హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో భౌతికశాస్త్రం చెప్పే ప్రొఫెసర్లు, పేరున్న వంటవాళ్ళు కలిసి "వంట, విజ్ఞానం" అన్న కోర్సు నడిపారు. 2013లో దాన్ని ఎడ్‌ఎక్స్ ద్వారా అందరికీ అందించారు. గుడ్డు ఏ వేడి దగ్గర గట్టిపడుతుంది, నురగ ఎందుకు నిలుస్తుంది, మయోనైజులో నూనె నీళ్ళు ఎలా కలిసుంటాయి... ఇవన్నీ లెక్కలతో సహా పాఠాలు. ప్రయోగశాల ఏదనుకున్నారు? వినేవాళ్ళ వంటిల్లే! మన ఇడ్లీపిండి పొంగడంలో బాక్టీరియా చేసే పని కూడా ఇలాంటి పాఠమే. మినప్పప్పు మీదా బియ్యం మీదా ఉండే సూక్ష్మజీవులే పిండిలో పెరిగి, ఆమ్లాన్నీ బొగ్గుపులుసు వాయువునీ పుట్టిస్తాయి. పులుపు దాని వల్ల, పొంగు దీని వల్ల. చలికాలంలో పిండి ఎందుకు మొండికేస్తుందో అత్తయ్యగారికి ఇది చెబితే, "అందుకే కదే నేను దుప్పటి కప్పమనేది" అన్నారు.

పరీక్ష హాల్లో

పరీక్ష ఇంట్లో కాదు, కేంద్రానికి వెళ్ళి కంప్యూటరు ముందు కూర్చుని రాయాలి. మూడు గంటలు. నాకు ఒక ఇంజనీరింగ్ కాలేజీలో పడింది. గేటు దగ్గర హాల్‌టిక్కెట్టు తీసేలోపే అక్కడున్నాయన "పేరెంట్స్ బయట చెట్టు కింద కూర్చోవాలమ్మా, లోపలికి పంపం" అన్నాడు. వెనక క్యూలో పిల్లలు. నా మొహం ఎర్రబడిపోయింది. ఒక్క నిముషం, నిజంగా చెట్టు కిందకి వెళ్ళిపోదామనిపించింది! హాల్‌టిక్కెట్టు చూపించాను. ఆయన నాలుక్కరుచుకుని "సారీ మేడమ్" అన్నాడు. పక్కన నిలబడ్డ కుర్రాడు "ఆంటీ, ఏ కోర్సు?" అనడిగి, తనదీ అదేననీ, ఆరో వారం అర్థం కాలేదనీ అన్నాడు. గోడ దగ్గర నిలబడి పది నిముషాలు వాడికి ఆరో వారం చెప్పాను. నేను!

ఫలితం నెల దాటాక వచ్చింది. 57 మార్కులు. అరవై వస్తే సర్టిఫికెట్టు మీద "ఎలైట్" అని ఉంటుంది. మూడు మార్కులు తక్కువ. మా పెద్దది తెగ బాధపడింది. నేను మాత్రం ఆ కాగితం రంగుల్లో ప్రింటు తీయించి, అటక మీది అట్టపెట్టె దించి, పాత పుస్తకాల మధ్య పెట్టుకున్నాను.

ముందే తెలుసుకోవలసినవి

ఆ కాగితం డిగ్రీ కాదు. ఇది గట్టిగా చెప్పాలి, ఎందుకంటే మా వీధిలో ఒకావిడ ఇలాంటివి ఆరు తీసుకుని ఉద్యోగం రాలేదని ఏడ్చింది. కాలేజీలో చదువుతున్న పిల్లలకైతే, వాళ్ళ విశ్వవిద్యాలయం ఒప్పుకుంటే, స్వయం కోర్సుల మార్కుల్ని డిగ్రీలో కలుపుతారు. 2021లో వచ్చిన యు.జి.సి. నిబంధనల్లో ఒక సెమిస్టరులో నలభై శాతం దాకా వీలిచ్చారు. మీ ఇంట్లో డిగ్రీ చదివే పిల్లలుంటే వాళ్ళ కాలేజీలో అడగమనండి. మనకి మాత్రం డిగ్రీయే కావాలంటే సార్వత్రిక విశ్వవిద్యాలయంలోనో ఇగ్నోలోనో చేరాలి. దానికి ఫీజు కట్టాలి, ఏళ్ళు పడుతుంది.

ఉచితం పేరుతో మోసాలు కూడా ఉన్నాయండోయ్. "వారం రోజులు ఫ్రీ" అని కార్డు నంబరు అడిగి, ఎనిమిదో రోజున మనకి చెప్పకుండా డబ్బు లాగేసే యాప్‌లున్నాయి. మా తోటికోడలికి అలా రెండువేలు పోయాయి. పాఠం వినడానికి కార్డు నంబరు అక్కర్లేదు. ఎవరైనా ఫోను చేసి "మీ సర్టిఫికెట్టు రెడీ, ఓ.టి.పి. చెప్పండి" అంటే మాట్లాడకుండా పెట్టేయండి.

ఇంట్లో ఇంటర్నెట్టు సరిగా రాకపోతే టీవీ ఉంది. స్వయంప్రభ అని చదువుకే కేటాయించిన ఛానెళ్ళు 2017లో ముప్ఫై రెండింటితో మొదలుపెట్టారు. దూరదర్శన్ ఫ్రీ డిష్ యాంటెన్నా పెట్టుకుంటే నెల చందా లేకుండా వస్తాయి. రోజుకి నాలుగు గంటల కొత్త పాఠం, దాన్నే ఆ రోజు మరో అయిదుసార్లు వేసేలా ఏర్పాటు చేశారు. పొద్దున వంటలో తప్పిపోతే మధ్యాహ్నం చూసుకోవచ్చు. ఎవరు చేశారో గానీ, ఆ ఏర్పాటు చేసినవాళ్ళింట్లో కచ్చితంగా ఒక ఇల్లాలుండి ఉంటుంది!

బడిపిల్లలకైతే దీక్ష యాప్ ఉంది. పాఠ్యపుస్తకంలో పాఠం దగ్గర నలుపు తెలుపు గళ్ళ గుర్తు ఉంటే దాన్ని ఫోనుతో చూపించండి, ఆ పాఠానికి సంబంధించినవి వస్తాయి. చిన్నవాడికి లెక్కలు చెప్పేముందు నేను రహస్యంగా అది చూసి, ముందే తెలిసినట్టు నటిస్తాను.

కొత్తగా మొదలుపెట్టేవాళ్ళు పన్నెండు వారాలదానికి పోకండి. నాలుగు వారాలదొకటి, మీకు ఇప్పటికే ఇష్టమున్న విషయంలో తీసుకోండి. మొదటి రెండు పాఠాలు విన్నాక మేష్టారి గొంతు నచ్చకపోతే మానేసి ఇంకోటి చూడండి. ఉచితం కదా, మొహమాటమెందుకు? కానీ ఒకటి నచ్చాక మాత్రం పరీక్షకి డబ్బు కట్టేయండి. అసైన్‌మెంటు చివరి రోజు రాత్రి దాకా ఉంచుకోకండి. నాకు బుధవారం రాత్రి పదకొండు యాభై తొమ్మిది గడువుండేది, పదకొండున్నరకి కరెంటు పోయిన బుధవారం ఇంకా గుర్తుంది. ఇంట్లోవాళ్ళకి మీ క్లాసు వేళ చెప్పండి. నేను ఫ్రిజ్ తలుపు మీద కాగితం అంటించాను. "2 నుంచి 3 దాకా అమ్మ ఇంట్లో లేదు" అని చిన్నవాడు దాని కింద రాశాడు.

మొన్న మా ఆడపడుచు ఫోను చేస్తే అత్తయ్యగారెత్తారట. "వదినకివ్వమ్మా" అంటే "మూడింటికి చెయ్యి" అని పెట్టేశారట. ఆమె నొచ్చుకుంది. నేను మళ్ళీ ఫోను చేసి సర్దిచెప్పాల్సొచ్చింది. అత్తయ్యగారిదిప్పుడు ఇంకో కోరిక, కర్ణాటక సంగీతం పాఠాలేమైనా ఉన్నాయేమో చూడమన్నారు. చిన్నప్పుడు సరళీ స్వరాల దగ్గర ఆపేశారట, ఆవిడకీ పెళ్ళయిపోయి. ఈ సంగతి ఇన్నేళ్ళలో నాకెప్పుడూ చెప్పలేదు.

నా మటుకు, సార్వత్రిక విశ్వవిద్యాలయంలో డిగ్రీ వివరాలన్నీ కాగితం మీద రాసుకున్నాను. మొదటి ఏడాది ఫీజు కోసం చీటీ డబ్బులున్నాయి. ఆదివారం మా వారు టీ పెట్టుకుంటున్నప్పుడు మాట కదపాలి.